ఇంటి కంప్యూటరులో దరువు పట్టుట



గడచిన వానకాలములో ఒక సాయంకాలమున మన బడికి చేరువనున్న వీధిలో డప్పు మ్రోగెను. చీకటి పడుచుండెను. ఆ మ్రోత వినినంతనే ఒక వృద్ధురాలు చేతిలోని చాటను అట్లే పట్టుకొని గడప దాటి వచ్చి, "ఎవరు వోయిన్రు బిడ్డా?" అని దారిని పోవువారిని అడిగెను. మరి ముగ్గురు నలుగురును ఇండ్లలోనుండి వెలుపలికి వచ్చిరి. ఎవరును పోలేదు. ఎదుటి యింటి కిటికీలో స్పీకరు నుంచి, మన తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు తాను కంప్యూటరులో కూర్చిన సంగీతమును వినిపించుచుండెను. మరునాడు స్నేహితుని పుట్టినరోజు. దానికొరకై చేసినదది.

ఆ బాలుడు చెడ్డవాడు కాడు. కొన్ని దినములకు ముందు రోడ్డుమీద డప్పులు పోవుచుండగా ఇరువది సెకనులు ఫోనులో పట్టుకొనెను. దానిని కంప్యూటరులో నెక్కించి, ఒక తునకను కత్తిరించి, దానినే మరల మరల వచ్చునట్లు వరుసగా నతికించి, అడుగున గంభీరమైన బేసు ధ్వనిని, పైన చప్పట్లను చేర్చెను. నేనును వింటిని. చెవిగలవాడు చేసినపనియే అది. అయితే ఆనాడు రోడ్డుమీద పోయినది శవయాత్ర. ఆ దరువు చావు దరువు. ఆ సంగతి వాడెరుగడు. వృద్ధురాలు ఎరుగును.

ఇటువంటి 'బీట్లు' మీలో పలువురు చేయుచున్నారని నాకు తెలియును. వీనిని మానుమని చెప్పుటకు నేనీ పాఠమును వ్రాయుట లేదు. చక్కగా చేయుడని చెప్పుటకే వ్రాయుచున్నాను. చక్కగా చేయవలెనన్న యంత్రమేమి చేయుచున్నదో కొంత తెలిసికొనవలెను. డప్పు ఏమి చెప్పుచున్నదో అంతకంటె ఎక్కువ తెలిసికొనవలెను.

మొదట యంత్రము సంగతి. డప్పుమీద దెబ్బ పడినపుడు తోలు కదలును. తోలు గాలిని కదలించును. ఆ కదలిక మైక్రోఫోనులోని పలుచని పొరను కదలించును. డప్పు తోలు చేసినపనికి ఈ పొర చేయునది తలక్రిందులైన పని. చేయి తోలును కదలించి గాలిని పుట్టించిన కదలికను పొర తిరిగి విద్యుత్తుగా మార్చును. కంప్యూటరు ఆ విద్యుత్తును సెకనునకు 44,100 మార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను ఒక్కొక్క అంకెగా వ్రాసికొనును. ఇన్ని మార్లు ఏలయని మీరడుగవచ్చును. మానవుని చెవి సెకనునకు 20 కంపనములు మొదలు సుమారు 20,000 కంపనముల వరకు వినగలదు. ఒక కంపనమునందు ఎత్తు ఒకటి, పల్లము ఒకటి యుండును గనుక దానిని గుర్తించుటకు రెండు కొలతలకు తక్కువ కాకూడదు. అందువలన 40,000 దాటవలెను. 1982లో అమ్మకమునకు వచ్చిన కాంపాక్టు డిస్కులకు 44,100 అను సంఖ్యనే నియమించిరి. నేటికిని ఇంటి కంప్యూటరులలో అదియు వాడుకలో నున్నది. ఒక్కొక్క కొలతకు 65,536 మెట్లుగల నిచ్చెన వంటిది ఏర్పాటు చేయబడియుండును. దానికి రెండు బైట్ల చోటు పట్టును. ఎడమ చెవికి ఒకటి, కుడి చెవికి ఒకటిగా ఒక నిమిషపు ధ్వనికి ఎన్ని బైట్లు పట్టునో మీరే గుణించి చూడుడు. 1,05,84,000 రావలెను. రానిచో మరల గుణింపుడు.

ఈ నిచ్చెనకు పైమెట్టు దాటిన మెట్టు లేదు. ధ్వని అంతకంటె పెద్దదైనచో కంప్యూటరు పైమెట్టు దగ్గరనే నిలిచిపోవును. తెరమీద అల తల నరికిన తాటిచెట్టువలె అడ్డముగా కనబడును. వినినపుడు దెబ్బకు మారుగా పగిలిన రేకు మ్రోత వినబడును. ఒకసారి ఇట్లు నరకబడిన దానిని తరువాత ధ్వని తగ్గించినను తిరిగి అతికింపలేము.

ఈ కష్టము క్రొత్తది కాదు. ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫును, బెర్లినర్ 1887లో గ్రామఫోనును కనిపెట్టిరి. 1902లో గ్రామఫోన్ కంపెనీవారి తరఫున గైస్‌బర్గ్ అనునతడు కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ పాటలను రికార్డు చేసెను. ఆ దినములలో రికార్డు చేయుటకు విద్యుత్తు వాడుక లేదు. పెద్ద కొమ్ము వంటి గొట్టములో పాడవలెను. పాట బలమే సూదిని కదలించి మైనముమీద గీతలు గీయవలెను. గట్టి దెబ్బ పడినచో సూది గాడి తప్పి ఎగిరిపడెడిది. కావున వాద్యము కొట్టువారిని గొట్టమునకు దూరముగా నిలిపెడివారు. 1925 నుండియే విద్యుత్ మైక్రోఫోనుతో రికార్డు చేయు పద్ధతి వ్యాపించినది. అంతకు ముందటి రికార్డులను విని, ఆ కాలపు వాద్యగాండ్రు మెల్లగా వాయించెడివారని యనుకొనుట పొరపాటు. గొట్టము పట్టజాలనిది గొట్టములోనికి రాలేదు, అంతే.

ఇక మా ప్రయత్నము. ఆ సాయంకాలపు సంగతి నాకు తెలిసిన పిమ్మట ఆ బాలుని, వాని స్నేహితులు నలుగురిని వెంటబెట్టుకొని మంజీర యొడ్డునకు చేరువనున్న ఒక పల్లెకు పోతిని. అచ్చట డప్పు కొట్టు పెద్దలు ఇద్దరుండిరి. ఒకరికి ఎనుబదియేండ్లు దాటియుండును. రెండవవారు ఆయన తమ్ముని కుమారుడు, అరువదికి పైబడినవారు. పెద్దాయన మా మాట అంతయు విని, "మమ్ముల చావుకు విలుస్తరు సారు, పెండ్లికి బ్యాండును విలుస్తరు. మీరేందో దెబ్బలు నేర్వ వచ్చిన్రు, కూసోండ్రి" అనెను. మాలో ఒక బాలుడు తల వంచుకొనెను. వాని తండ్రియు డప్పు కొట్టువాడే. బడిలో ఆ సంగతి ఎవరికిని చెప్పియుండలేదు.

డప్పు అనునది గుండ్రని కొయ్య చట్రమునకు తోలు బిగించిన వాద్యము. దానిని భుజమునకు తగిలించుకొని, కుడిచేత చిర్ర అను పొట్టికర్రతోను, ఎడమచేత సిటికెన పుల్ల అను సన్నని పుల్లతోను వాయింతురు. చిర్రది నిండు మ్రోత. పుల్లది సన్నని చిటచిట. ఈ రెంటి సంభాషణయే దరువు. వాయించుటకు ముందు గడ్డిమంట వేసి తోలును కాతురు. తేమ తగిలిన తోలు సడలి మ్రోత దిగిపోవును. వేడికి తేమ ఆరి తోలు బిగిసి శ్రుతి పైకి పోవును. ఇది మీ భౌతికశాస్త్ర పుస్తకములోని పాఠమే. కాని రికార్డు చేయువానికి దీనివలన ఒక చిక్కు గలదు. కాచిన వెంటనే వాయించినది వేరు, పది నిమిషములు గడచిన తరువాత వాయించినది వేరు. మొదటి తునకను, చివరి తునకను తెచ్చి అతికించినచో ఇద్దరు మనుష్యులు కొట్టినట్లుండును. మేమది తెలియక ఒక దినము పాడుచేసికొంటిమి.

మేము చేసిన తప్పులు ఇంకను గలవు. మొదట ఒక చిన్న సిమెంటు గదిలో కూర్చుండి, మైక్రోఫోనును డప్పునకు మూరెడు దూరములో నిలిపితిమి. ప్రతి దెబ్బయు తల తెగినది. దూరము జరిపితిమి. అపుడు గోడలనుండి ప్రతిధ్వని వచ్చెను. ధ్వని సెకనునకు సుమారు 340 మీటర్లు పోవును. రెండు మీటర్ల దూరమునందున్న గోడకు పోయి వచ్చుటకు సెకనులో ఎనుబదియైదవ వంతు చాలును. ఇంత స్వల్పమైన ఎడమున వచ్చు ప్రతిధ్వని వేరుగా వినబడదు గాని, పుల్ల చేయు చిటచిటను మసకపరచును. ఆ యింటి యమ్మ మా యవస్థ చూచి, దండెముమీది బొంతలను తెచ్చి గోడలకు వ్రేలాడదీసెను. వేల రూకల సామగ్రి చేయు పని ఆ బొంతలు చాలవరకు చేసినవి. మరియొక దినమున చింతచెట్టు క్రింద, ప్రొద్దుటి పూట గాలి లేనపుడు, మైక్రోఫోనునకు పలుచని గుడ్డ చుట్టి, నాలుగడుగుల దూరములో కుర్చీమీద మడిచిన గొంగడి పరచి దానిమీద పెట్టితిమి. ఇది అన్నిటికంటె మేలుగా కుదిరెను. తెరమీద అల పైమెట్టునకు సగము ఎత్తు మాత్రము లేచునట్లు ముందుగా సరిచూచుకొంటిమి. గట్టి దెబ్బ వచ్చినను పైన చోటుండవలెను గదా.

గొప్ప తప్పు నాది. మొదటి దినమున పెద్దాయన వాయించినది సుమారు నలుబది నిమిషములు మేము రికార్డు చేసితిమి. ఆపి, భద్రపరచు బొత్తాము నొక్కవలసియుండగా నేను ఆయనతో మాటలలో పడితిని. కరెంటు పోయెను. కంప్యూటరు బ్యాటరీ చాలకాలముగా పనిచేయుట లేదని నాకు తెలియును. అయినను పట్టించుకొనలేదు. తిరిగి తెరచిచూడగా ఏమియు లేదు. బాలురు నా ముఖము చూచిరి. పెద్దాయన నవ్వి, "మల్ల రాండ్రి, దెబ్బ యాడికి వోతది" అనెను. తరువాతి రెండు మార్లును ఆయనకు జ్వరము. సంక్రాంతికి ముందే ఆయన కన్నుమూసెను. నేడు మా యొద్దనున్న దరువులన్నియు ఆయన తమ్ముని కుమారుడు వాయించినవే. పెద్దాయన చిర్ర పట్టిన మ్రోత ఒక్క సెకనైనను మాకు మిగులలేదు.

తరువాత కంప్యూటరు ముందు కూర్చుండి చేసిన పనిని గూర్చి చెప్పెదను. మేము ఆడాసిటీ అను ఉచితమైన ప్రోగ్రామును వాడితిమి. అది 2000లో వెలువడినది. కత్తిరించుట, అతికించుట, పొరలుగా పేర్చుట మొదలగు పనులకు అది చాలును. దరువులు కూర్చుటకు మీరు వాడు ఇతర ప్రోగ్రాములలో తెరమీద నిలువు గీతలు గీయబడియుండును. నిమిషమునకు 120 దెబ్బలని యెంచుకొన్నచో ఒక్కొక్క దెబ్బకు అరసెకను. దానిని నాలుగు చేయగా ఒక్కొక్క గడి సెకనులో ఎనిమిదవ వంతు. గీతకు ముందు వెనుకలుగా పడిన దెబ్బలను గీతమీదికి లాగు బొత్తాము ఒకటి గలదు. దానిని క్వాంటైజు చేయుట యందురు. బాలురకు ఈ బొత్తామనిన మిక్కిలి యిష్టము. తప్పుగా కొట్టినను ఒప్పగును గదా. ఆ ఉత్సాహములో మేము పట్టితెచ్చిన పండుగ దరువునంతటిని అట్లే గీతలమీదికి లాగి, పల్లెకు పోయి వినిపించిరి.

ఆ వాద్యగాడు తల యాడించుచు వినుట మొదలుపెట్టి, కొంతసేపటికి ఆపివేసెను. "ఇది నా దెబ్బ గాదు సారు. ఇది ఆడ్తలేదు, కవాతు జేస్తున్నది" అనెను.

నేను ఇంటికి వచ్చి ముందటి రికార్డును కొలిచి చూచితిని. నాలుగు దెబ్బలలో మూడవదైన పుల్లదెబ్బ గీతకంటె కొంచెము వెనుకగా పడుచుండెను. సెకనులో ముప్పదవ వంతునకును తక్కువ. అది తప్పే యైనచో ఒకసారి ముందు, ఒకసారి వెనుక పడవలెను. కాని ఇరువది ఆవృత్తములలోను అది అంతే వెనుకగా పడెను. అనగా ఆయన చేయి తప్పలేదు. మేము గీసిన గీతయే తప్పు చోట నుండెను. ప్రజల కాళ్లు ఆ స్వల్పమైన ఎడములోనే లేచి పడును. దానిని తుడిచివేసి మేము దిద్దితిమని సంతోషించితిమి. కావున మీరు దరువు పట్టునపుడు మొదట గీతలను దాచివేయుడు. వాద్యగాని దెబ్బలను గుర్తించి, వానిననుసరించి గీతలను జరుపుడు. ఈ పనికి ఓపిక కావలెను. ఒక నిమిషపు దరువునకు మాకు ఒక ఆదివారపు మధ్యాహ్నమంతయు పట్టినది.

గీతల విషయమున ఇంకొక మాట. ఈ ప్రోగ్రాములు తెరచినంతనే నాలుగు లెక్కకే సిద్ధముగా నుండును. మన సంగీతములో చతురశ్రమునకు నాలుగు, తిశ్రమునకు మూడు, ఖండమునకు ఐదు, మిశ్రమునకు ఏడు, సంకీర్ణమునకు తొమ్మిది అని జాతులు గలవు. ఒక బాలిక ఏడు లెక్కల నడకను నాలుగు గడులలో పెట్టబోయి, పట్టక ఒక లెక్కను ఎనిమిదిగా సాగదీసెను. లెక్కను మార్చు చోటు పైవరుసలోనే యున్నది. అడుగక పోతిరి, నేర్చుకొనక పోతిరి. మన నారాయణఖేడులో తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ నాలుగును వినబడును. బతుకమ్మ చప్పట్లు, పీర్ల పండుగ డప్పులు, తండాలలోని నగారా, గుడిలో భజన తాళములు, మన ప్రార్థనాలయములోని ఢోలకి, ఇన్నియు నొక్క నాలుగు లెక్కలో నడచుట లేదు. డబ్బు పెట్టి వాద్యము కొనలేనివారు బతుకమ్మ చప్పట్లనుండియే మొదలుపెట్టవచ్చును. పదిమంది చేతులు ఒక్కసారి కలిసినపుడు పుట్టు మ్రోత ఏ యంత్రములోను లేదు.

యంత్రములో పుట్టిన దరువులను తక్కువ చేసి మాటాడుట నా ఉద్దేశము కాదు. జపానులోని రోలాండు కంపెనీవారు 1980లో టీఆర్-808 అను దరువుల పెట్టెను చేసిరి. అందులోని మ్రోతలు ఎవరో వాయించినవి కావు, విద్యుత్తు వలయములచే పుట్టింపబడినవి. 1983తో దాని తయారీ నిలిచిపోయెను. అమెరికాలోని యువకులు దానిని చేపట్టి లోకమంతట వినిపించిరి. మీరు వాడు బేసు దెబ్బలలో చాలభాగము దాని సంతతియే. బొంబాయిలో చరణ్‌జీత్ సింగ్ అనునతడు 1982లోనే ఆ పెట్టె దరువుమీద పది రాగములను వాయించి రికార్డు వెలువరించెను. ఆ కాలమున దానిని పట్టించుకొన్నవారు కొద్దిమంది. నేడు ప్రపంచమున వెదకి వినుచున్నారు.

దూరదేశపు మాటలు చాలును. మన జిల్లాలోనే, ఝరాసంగం మండలములోని మాచ్‌నూరులో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములకు చెందిన దళిత స్త్రీలు సంఘం రేడియోను నడిపిరి. గాలిలోని తరంగములు ప్రజల సొత్తని సుప్రీం కోర్టు 1995లో తీర్పు చెప్పెను. 1998లో యునెస్కో సహాయముతో మాచ్‌నూరులో స్టూడియో ఏర్పడెను. అయినను ప్రసారమునకు అనుమతి రాలేదు. పది సంవత్సరములు వారు ఊరకుండక, తమ పాటలను, మాటలను, సేద్యపు సంగతులను రికార్డు చేసి, క్యాసెట్లను ఊరూరి సంఘములలో వినిపించిరి. 2008 అక్టోబరు 15వ తేదీన 90.4 మీద ప్రసారము మొదలయ్యెను. గ్రామీణ స్త్రీలే స్వయముగా నడిపిన రేడియోగా దానికి దేశమంతట పేరు వచ్చెను. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అను ఇద్దరు ఆ స్టూడియోలో పనిచేసి పేరుగాంచిరి. వారు రికార్డు చేసిన పాట ఎవరిదో, ఏ పనిలో పాడునదో వారికి తెలియును. పాడినవారు పొరుగింటివారే గదా. మన విద్యార్థి కిటికీ దగ్గర తెలియకుండినది ఈ సంగతియే.

కావున మేమిప్పుడు ఒక నియమము పెట్టుకొంటిమి. ప్రతి ఫైలుతో కూడ ఒక చీటీ వ్రాయుదుము. వాయించినది ఎవరు, ఏ యూరు, ఏ తేదీ, ఏ సందర్భమున కొట్టు దరువు, తోలు కాచి ఎంతసేపైనది, వాయించినవారు దేనికి ఒప్పుకొనిరి, దేనికి ఒప్పుకొనలేదు, ఇవి అందుండును. ముట్టని మొదటి రికార్డును ఒకచోట వేరుగా నుంచి, కత్తిరించునవి దాని ప్రతులలోనే చేయుదుము. మూడు చోట్ల దాచుదుము. ఒకటి బడి కంప్యూటరులో, ఒకటి నా యింట, ఒకటి ఆ వాద్యగాని కుమారుని ఫోనులో. వాద్యగాడు పెట్టిన షరతు ఒక్కటే. "పెండ్లి దెబ్బ, పండుగ దెబ్బ మీ యిష్టము. చావు దెబ్బను మాత్రము పాటల కలపొద్దు." అది ఆ చీటీలో ఆయన మాటలలోనే వ్రాయబడినది. చావు దరువు ఫైలును తెరచినపుడు మొదట ఆ చీటీయే కనబడునట్లు బాలురు ఏర్పాటు చేసిరి.

పెద్దాయన శవయాత్రకు మేమందరమును పోతిమి. తమ్ముని కుమారుడే ముందు నడచుచు డప్పు వాయించెను. కిటికీలో స్పీకరు పెట్టిన బాలుడు నా ప్రక్కనే నడచెను. ఫోను జేబులోనే యుండెను. తండ్రి డప్పు సంగతి బడిలో చెప్పని బాలుడు మాత్రము మా వరుసలో లేడు. వెదకి చూడగా ముందు వరుసలో, తండ్రి ప్రక్కన, ఒక చిన్న డప్పును తగిలించుకొని పోవుచుండెను. వాని పుల్లదెబ్బ ఇంకను కుదురలేదు. ఒకసారి ముందు, ఒకసారి వెనుక పడుచుండెను. జొన్నకోతలైన తరువాత కూర్చుండబెట్టి నేర్పెదనని ఆ వాద్యగాడు వానికిని, మిగిలిన నలుగురికిని మాట యిచ్చియున్నాడు. బొంతలు తెచ్చుకొనుడని కూడ చెప్పెను.